గుఱ్ఱపు బేరము – సత్యధర్మము

బట్ట నమ్మువాడు దానిని విప్పి చూపగలడు. బియ్యము నమ్మువాడు పిడికెడు గింజలు అరచేతిలో పోయగలడు. గుఱ్ఱము నమ్మువాడు చూపగలిగినది మిక్కిలి తక్కువ. పండ్లను బట్టి వయస్సును, గిట్టలను బట్టి నడకను కొంతవఱకు ఊహింపవచ్చును గాని, బాజాల మ్రోతకు బెదరునో లేదో, బరువు మోసిన మూడవనాడు కుంటునో లేదో, వెనుకకు పోయినవానిని తన్నునో లేదో సొంతదారునకే తెలియును. కొనువాడు కన్నులార చూచునది గుఱ్ఱమునే యైనను, తుదకు అతడు నమ్మవలసినది అమ్మువాని మాటనే.

1933లో ఓడలకు తెఱవబడిన రేవును, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్టణమున గుఱ్ఱపు బేరమును గూర్చిన చర్చ యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని రామకృష్ణా బీచి యిసుకమీద పిల్లల నెక్కించుకొని తిరుగు గుఱ్ఱములు ఈ నగరముననే కలవు. పెండ్లి యూరేగింపులకు అద్దెకు పోవునవి కలవు. కొండలెక్కి పాడేరు మన్యమునకు పోయినచో, సరియైన బాట లేని గూడెములకు సరకులు మోయునవి కలవు. వీని సొంతదారులు పెద్ద వర్తకులు కారు. ఒకటి రెండు గుఱ్ఱములతో సంసారము నీడ్చుకొనువారు. అమ్మవలసివచ్చినపుడు నడుమ కొట్టు లేదు, బిల్లు లేదు. అమ్మువాడును కొనువాడును ఎదురెదురుగా నిలిచి మాటలాడుకొనవలసినదే.

అట్టి బేరమున కొనువాడు తఱచుగా కష్టపెట్టును. ఒకడు గుఱ్ఱమును చూడకమున్నే సగము ధర చెప్పును. ఒకడు లేని కుంటును చూపి మూతి విఱచును. ఒకడు నొసటి సుడి మంచిది కాదని నిట్టూర్చును. ఒకడు రేపు వత్తునని నాలుగు వారములు త్రిప్పి, ఈలోపల మఱొకరికి అమ్మితిరేమని అలుగును. ఒకడు నడక చూచెదనని యెక్కి, మిట్టమధ్యాహ్నపు టెండలో ఊరంతయు త్రిప్పి, నురుగు గ్రక్కుచున్న జంతువును తెచ్చి కట్టి, నచ్చలేదని పోవును. అందఱికంటె కఠినుడు, ధర కుదిరిన తరువాత సొమ్ము కొంత తగ్గించి తెచ్చువాడు. అప్పటికి గుఱ్ఱమునకు కళ్లెము తగిలింపబడి యుండును, ఇరుగుపొరుగువారు చూచుచుందురు, ఆ సమయమున కాదనుట కష్టమని అతడెఱుగును.

ఇట్టివారితో విసిగినవాని మనస్సున ఒక వాదము పుట్టుట సహజము: “అతడు లేని దోషమును కల్పించుచుండగా, నేను ఉన్న దోషమును దాచినచో తప్పేమి? అతడు బేరము పేర అబద్ధమాడుచున్నాడు. నేను బేరము పేర ఊరకుందును. చెల్లునకు చెల్లు.” ఈ వాదము పైకి న్యాయముగానే కనబడును. అది నిలుచునా యనుటయే విచారింపదగిన ప్రశ్న.

చిత్రమేమనగా, మన శాసనకర్తలు ఈ ప్రశ్నకు గుఱ్ఱమునే దృష్టాంతముగా గైకొనిరి. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమున 17వ సెక్షను మోసమును నిర్వచించుచున్నది. దాని క్రింద నిచ్చిన ఉదాహరణములు చూడుడు. ఒకడు దోషము గలదని తానెఱిగిన గుఱ్ఱమును వేలములో అమ్మి, ఆ సంగతి చెప్పకుండెను. అది మోసము కాదు. కొన్నది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కూతురైనచో, చెప్పుట అతని విధి. కొనువాడు “నీవు కాదనవేని గుఱ్ఱము నిర్దోషమని తలంతును” అని పలుకగా అమ్మువాడు మాటాడకున్నచో, ఆ మౌనము మాటతో సమానము. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము గూడ, కొనువాడే జాగరూకుడై యుండవలెనను సూత్రమును మూలముగా నుంచుకొని, ఆ సరకుల వ్యాపారమే చేయువారిపై కొన్ని విశేష బాధ్యతలను మోపినది. పెరటిలోని ఒక్క గుఱ్ఱము నమ్ముకొను గృహస్థుని ఆ విశేష బాధ్యతలు సాధారణముగా అంటవు.

కావున ఊరకున్నవానిని చట్టము పెక్కు సందర్భములలో విడిచిపెట్టును. కాని చట్టము విడిచిపెట్టుట వేఱు, ధర్మము మెచ్చుట వేఱు. ఆ రెండవ ఉదాహరణమును మరల తలచుకొనుడు. కూతునకు చెప్పవలసినదే యని చట్టమే యొప్పుకొన్నది. ఎందుకు? ఆమె తండ్రిని నమ్మును గనుక. అయినచో గుఱ్ఱము మాఱలేదు, దాని దోషము మాఱలేదు, దానిమీదినుండి పడినచో విఱుగు ఎముక మాఱలేదు. మాఱినది కొనువానితో మనకు గల చుట్టఱికము మాత్రమే. న్యాయస్థానమునకు ఒక గీత యెక్కడనో గీయక తప్పదు. మనస్సాక్షికి ఆ గీతతో నేమి పని?

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును మఱియొక వైపునుండి చూచిరి. కొన్న పిదపను అమ్మిన పిదపను కలుగు పశ్చాత్తాపమును వారు ప్రత్యేక వ్యవహారపదముగా నెంచిరి. పది దినములలోపల ఇచ్చినదానిని మరల గొనుటకును, కొన్నదానిని మరల నిచ్చుటకును మనువు అవకాశ మొసంగెను. యాజ్ఞవల్క్యుడు వస్తువును బట్టి పరీక్షాకాలమును వేఱుచేసెను: ఇనుమునకు ఒకదినము, పాడి పశువునకు మూడు దినములు, వాహ్యములకు, అనగా బరువు మోయు జంతువులకు, ఐదు దినములు. ఆ పట్టికలోనే దాసదాసీజనమునకు గూడ పరీక్షాకాలము చెప్పబడియుండుట మనము సిగ్గుతో చదువవలసిన విషయము. పూర్వులు చెప్పినదంతయు శిరసావహింపరాదనుటకు అదియే చాలు. అయినను జంతువుల విషయమున వారి లోకజ్ఞానము మెచ్చదగినది. పాలు మూడు పూటలలో తెలియును, నడక తెలియుటకు ఐదు దినములు పట్టునని వారెఱుగుదురు.

క్రీస్తుపూర్వము 44లో రోమకుడైన సిసిరో తన ధర్మవిచార గ్రంథమున ఇట్టి ప్రశ్ననే యెత్తెను. రోడ్సు ద్వీపమున కఱవు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియానుండి ధాన్యపు టోడతో వచ్చెను. వెనుక మఱికొన్ని ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలియును. చెప్పినచో ధర పడిపోవును. చెప్పవలెనా? చట్టము అడిగినంత చెప్పిన చాలునని డయోజనీసు పక్షము. తెలిసినదేదియు దాచరాదని ఆంటిపేటరు పక్షము. దాచరాదనియే సిసిరో తీర్పు. మన ప్రశ్న దానికంటె సులభము. ఆ వర్తకుడు దాచదలచినది సముద్రముమీది పరుల ఓడల వార్త. గుఱ్ఱము నమ్మువాడు దాచునది తానమ్ము వస్తువులోనిదే. అక్కడ వాదమునకు కొంత చోటు కలదు, ఇక్కడ లేదు.

అట్లయిన అమ్మువాడు తన గుట్టంతయు విప్పి చెప్పవలెనా? అక్కఱలేదు. ఇక్కడ ఒక భేదము గుర్తింపవలెను. వస్తువులో నున్నది వస్తువుతోబాటు కొనువానికి చెందును. మన మనస్సులో నున్నది మనకే చెందును. గుఱ్ఱమునకు ఎడమకన్ను మందమనుట గుఱ్ఱములోని సంగతి, దానిని చెప్పవలెను. నాకు అప్పు తీర్చవలసిన గడువు దగ్గఱపడినదనుట నా సంగతి, దానిని చెప్పనక్కఱలేదు. ఎంతకు తగ్గుదువని అడిగినవానికి “అది చెప్పను” అనవచ్చును. కాని “నిన్ననే ఒకరు ఇంతకడిగిరి” అని లేని కొనుగోలుదారుని సృష్టింపరాదు. చెప్పకుండుటకు నాకు హక్కు గలచోట గూడ అబద్ధమాడుటకు హక్కు లేదు.

సుడుల సంగతియు నిట్టిదే. ప్రాచీన అశ్వశాస్త్రములు సుడులకు శుభాశుభములను చెప్పినవి. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణములను గూర్చి ప్రత్యేక కావ్యమే వ్రాసెను. వెండ్రుకల తీరు యజమానుని ఆయువును మార్చునని నేటి విద్యావంతుడు నమ్మడు. చెడ్డ సుడి యని ధర తగ్గింపజూచువానితో “నాకు ఆ నమ్మకము లేదు, మీకున్నచో కొనవలదు” అనుట న్యాయము. కాని ఆ పెద్దమనిషియే మఱొక గుఱ్ఱమునకు మంచి సుడి గలదని నమ్మించి పదివేలు ఎక్కువ లాగినచో, అతని సంస్కరణము నాలుక చివరదే. పరుని మూఢవిశ్వాసమును ఖండించుట సంస్కరణము. దానిని సొమ్ము చేసికొనుట దొంగతనము.

దోషమును చెప్పినచో గడుసువాడు దానినే పట్టుకొని ధరను పాతాళమునకు దింపడా యని యడుగుదురు. దింపజూచును. దానికి మందు దాచుట గాదు. దోషమును లెక్కవేసి ధరను ముందే నిర్ణయించుట. “ఇది కుడికాలు అప్పుడప్పుడు ఎత్తివేయును, అందుచేతనే ఈ ధర” అని మొదటనే చెప్పినవానియొద్ద కొనువాని యస్త్రము వమ్మగును. అతడు కనిపెట్టి చూపవలసినది మిగులదు. దాచినవాడే ఎప్పుడు పట్టుబడుదునో యని వెఱచుచు, తొందరపడి ధర తగ్గించును.

ఇంకొక సంగతి. కొనుగోలుదారులు ఇంత అనుమానస్థులగుటకు కారణమెవరు? 1970లో జార్జి అకర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు పాత మోటారుకార్ల విపణిని గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. 2001లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చుటకు ఆ విచారణయే ముఖ్యకారణము. దాని సారమిది: మంచి బండి యేదో చెడ్డ బండి యేదో కొనువానికి తెలియనపుడు అతడు అన్నిటికిని మధ్యరకపు ధరయే యిచ్చును, ఆ ధరకు మంచి బండ్లవారు అమ్మక తొలగిపోవుదురు, తుదకు విపణిలో చెడ్డవే మిగులును. గుఱ్ఱములకును ఇది యక్షరాల వర్తించును. నేడు మన గుమ్మములో నిలిచి సగము ధరకడుగువాడు నిన్న ఎవని మౌనమువలననో నష్టపడినవాడు కావచ్చును. మనము దాచిన ప్రతి దోషమును రేపటి యమ్మకందారునికి ఒక కష్టమైన కొనుగోలుదారుని తయారుచేయును.

నమ్మకము విలువను మన రాజులు ఎఱుగుదురు. 1535 ప్రాంతమున విజయనగరమున నున్న ఫెర్నావు నూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసినదానిని బట్టి, సాళువ నరసింహరాయలు ఓడలలో తెచ్చిన గుఱ్ఱములకు వర్తకులడిగిన ధర నిచ్చెడివాడట. సముద్రముమీద చచ్చినదాని తోక తెచ్చి చూపినను సొమ్ము చెల్లించెడివాడట. అది రాజ్యావసరము, గృహస్థునికి తగినది కాదు. అయినను నష్టమునంతను ఎదుటివాని నెత్తిన వేయనివానికడకు మంచి సరకు దానంతట వచ్చునని యందు తెలియుచున్నది.

ఇంతవఱకు ఇద్దఱినే తలచితిమి. ఈ బేరమున మాటాడని మూడవప్రాణి యొకటి గలదు. బీచిలో ఆ గుఱ్ఱము నెక్కు పసిపిల్ల బేరమున పాల్గొనలేదు, గుఱ్ఱమును పాల్గొనలేదు. గ్లాండర్సు వంటి వ్యాధి గుఱ్ఱమునుండి మనుష్యునకు గూడ సోకును. నొప్పిమందు వేసి కుంటును ఒకపూట మఱపించినచో, ఆ మందు దిగిన తరువాత పడువాడు ఆ కఠినమైన కొనుగోలుదారుడే కానక్కఱలేదు. “చెల్లునకు చెల్లు” అను వాదము ఇక్కడ పూర్తిగా కూలిపోవును. బేరగాని కుటిలత్వమునకు శిక్షగా పసిపిల్లను పడవేయుట ఏ న్యాయము? 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, ఆకలిచేతనో దుర్వ్యవహారముచేతనో బాధపడుచున్న జంతువును అమ్మజూపుటయే నేరముగా నెంచినది.

ఈ మూడవప్రాణిని తలచినపుడు, కష్టమైన కొనుగోలుదారు డెవడను ప్రశ్నకే సమాధానము మాఱును. చినిగిన చొక్కాతో వచ్చి, గుఱ్ఱము పండ్లు చూచి, గిట్టలెత్తి, ఏమి తినును, ఎంత నీరు త్రాగును, ఎప్పుడు లాడములు వేయించితిరని ఇరువది ప్రశ్నలడిగి, రూపాయి రూపాయికి పెనుగులాడువాడు మనలను విసిగించును. కారు దిగి, ఒక్క ప్రశ్నయు వేయక, అడిగినంత యిచ్చి, రేపటి యూరేగింపునకు పంపుడనువాడు మనకు సులభుడు. కాని గుఱ్ఱమునకు ఎవడు సులభుడు? మొదటివానికి అది అన్నము పెట్టు ప్రాణి. రూపాయి రూపాయికి పెనుగులాడుట రూపాయి విలువ తెలిసినందుననే. వేషమును, కులమును చూచి కొనుగోలుదారుని కొలుచువారు తఱచుగా ఇక్కడనే పొరపడుదురు. ప్రశ్నలడుగువాడు కష్టుడు కాడు. అడుగనివానిని గూర్చియే అమ్మువాడు భయపడవలెను.

మాట యిచ్చుటకు ముందు అమ్మువాడు స్వతంత్రుడు. గుఱ్ఱమును హింసించునని తోచినవానికి ఎక్కువ ధరకైనను అమ్మననవచ్చును. నడక చూచెదననువానితో తానును వెంట పోవచ్చును. తగ్గించి తెచ్చినవాని సొమ్ము తిరిగి యతని చేతిలో పెట్టి, కోపము లేక కళ్లెము విప్పవచ్చును. వాదముతో గెలువజాలనివానిని ఈ ఒక్క పనితో గెలువవచ్చును. కాని మాట యిచ్చిన తరువాత, సాయంకాలము ఐదువేలు ఎక్కువ యిత్తునని మఱొకడు వచ్చినను, అమ్మువాడు కట్టుబడినవాడే.

బేరము స్థిరపఱచుటకు ముందుగా నిచ్చు సొమ్మును నేడు బయానా యందుము. తెలుగున సంచకరువు అని పాతమాట. సంస్కృతమున దానిపేరు సత్యంకారము, అనగా సత్యముగా జేయుట. ఇచ్చునది కొనువాడే యైనను, దానిని చేత నందుకొన్నవాడును ఆ సత్యమునకు బద్ధుడగును. ఎదుటివాడు ఎట్టివాడైనను, ఆ సొమ్మందుకొను చేయి మనది.