ఊపిరికి పూచీ ఎవరిది?

పిల్లల్ని పెంచుతాం అంటాం. పిట్టల్ని పెంచుకుంటాం అంటాం. తెలుగులో ఈ ‘కొను’ అనే చిన్న తోక ఉంది చూశారూ, అది మహా గడుసుది. వండడం ఎవరికోసమైనా కావచ్చు, వండుకోవడం మాత్రం మనకోసమే. పెంచుకోవడమూ అంతే. పంజరంలో పిట్ట మనల్ని అడిగి మన ఇంటికి రాలేదు. మనకు పొద్దుపోక, పిల్లవాడు ముచ్చటపడి, ఇల్లు కళకళలాడుతుందని తెచ్చుకున్నాం. మన సరదాకి తెచ్చుకున్న ప్రాణి పట్ల మన బాధ్యత మామూలు కంటే ఎక్కువా, తక్కువా? ఈమధ్య నన్ను పట్టుకుని వదలని సందేహం ఇది.

మా ఉప్పల్, నాచారం వైపు ఏ అపార్టుమెంటు బాల్కనీ వంక చూసినా ఓ పంజరం కనిపిస్తుంది. అందులోవి రామచిలుకలు కావులెండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన రామచిలుకను పంజరంలో పెట్టడం నేరం. ఇవి లవ్ బర్డ్స్. ఆ పేరుతో మనం పిలుచుకునే వాటిలో చాలాభాగం నిజానికి బడ్జీలనే ఆస్ట్రేలియా చిలకలు. అమ్మేవాడు వాటిని అట్టపెట్టెలో పెట్టి, ఊపిరాడడానికి నాలుగు చిల్లులు పొడిచి మరీ ఇస్తాడు. ఆ చిల్లులు పొడిచిన వాడికున్న ఇంగితం, ఇంటికి తెచ్చుకున్నాక మనకుండాలి కదా!

మా పేటలవాళ్లం గాలి సంగతి మాట్లాడమంటే గంటలు మాట్లాడతాం. నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు పక్కనే. అటు వరంగల్ రోడ్డు దుమ్ము. రాత్రిపూట ఏదన్నా ఘాటు వాసన తగిలితే చాలు, “కిటికీలు వేసెయ్యండర్రా” అని ఇంటింటా కేకలే. దోషమంతా బయటి గాలిదేననీ, తలుపేసుకుంటే లోపల క్షేమమనీ మన ధీమా. వేసుకున్న ఆ తలుపు వెనక మన వంటిల్లు ఏం వదులుతోందో ఎవరం చూశాం?

పూర్వం పొయ్యిలో బూడిద ఎత్తి, పేడతో అలికి, ముగ్గేస్తే శుభ్రం అయిపోయేది. ఇప్పుడు కేకులకి ఓటీజీ, పొగ లాగడానికి చిమ్నీ వచ్చాయి. దసరా వస్తోందంటే వీటి జిడ్డు వదిలించడం ఓ యజ్ఞం. ఓవెన్ శుభ్రం చేసే మందుల్లో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడాయే. చిమ్నీ జల్లెడల్ని మరిగే నీళ్లలో అదే సోడా వేసి నానబెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. ఆ నీళ్ల మీంచి లేచే తుంపర కంటికి ఆనదు గాని గొంతులో గీరుతుంది. జల్లెడ అల్యూమినియందైతే సోడా దాన్ని తింటూ బుసబుసా పొంగుతుంది, తుంపర ఇంకా ఎక్కువ. మందు చిమ్మే డబ్బా అయితే ఇక చెప్పనే అక్కర్లేదు.

మనకు రెండు దగ్గులతో పోయేది పిట్టకు ప్రాణం మీదకి ఎందుకొస్తుందంటే, దాని ఊపిరి మన ఊపిరి లాంటిది కాదు. మనం పీల్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది, కొంత పాతగాలి లోపలే మిగులుతుంది. పిట్ట ఒంట్లో ఊపిరితిత్తులతో పాటు గాలితిత్తులు కూడా ఉంటాయి, చాలా పక్షులకు తొమ్మిది. వాటి మూలంగా ఊపిరితిత్తుల్లో గాలి ఎప్పుడూ ఒకే దిక్కున నడుస్తుంది. పీల్చినా, వదిలినా లోపలికి అందేది తాజా గాలే. ఎగిరే ప్రాణికి ప్రకృతి ఇచ్చిన వరం అది. గాలిలో విషం కలిస్తే ఆ వరమే శాపం. పైగా బడ్జీ బరువెంతని? 30, 40 గ్రాములు.

జిడ్డంటని పెనాల సంగతి ఇంకో రకం. ఆ పూత పదార్థం 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికింది. మామూలు వంట వేడికి అది మాట్లాడదు. ఖాళీ పెనాన్ని పొయ్యిమీద మరిచిపోయి ఫోనులో పడ్డామనుకోండి, 260 డిగ్రీలు దాటిందంటే పూత చెడడం మొదలవుతుంది. బాగా వేడెక్కాక వచ్చే పొగని మన ముక్కు పసిగట్టకపోవచ్చు. మనకు ఓ పూట జ్వరంతో సరిపోతుంది. పక్కగదిలో పిట్ట మాత్రం నిమిషాల్లో రాలిపోతుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో తమను తామే శుభ్రం చేసుకునే ఓవెన్లుంటాయి. 480 డిగ్రీల దాకా కాగి లోపలి జిడ్డుని బూడిద చేస్తాయి. పిట్టలున్నవాళ్లు ఆ మీట నొక్కే ముందు వాటిని ఇంకో ఇంటికి పంపాలని అక్కడి పక్షి వైద్యులు చెబుతారు.

కాబట్టి చెయ్యవలసింది పెద్ద శాస్త్రమేం కాదు. పంజరం వంటింటికి దూరంగా ఉండాలి. ఓవెన్, చిమ్నీ తోమేరోజున పిట్టను గాలి తగిలే దూరపు గదికి మార్చి తలుపు వెయ్యాలి. వంటింటి కిటికీలు బార్లా తీసి, ఫ్యాను తిప్పి, వాసన పోయాక కూడా కొన్ని గంటలు ఆగాలి. మందు పూసిన ఓవెన్‌ను తడిగుడ్డతో రెండుమూడుసార్లు తుడిచాకే వేడి చెయ్యాలి. అగరొత్తులు, దోమల చుట్టలు కూడా పంజరం దగ్గర పనికిరావు.

ఇక్కడికి ఇంటి చిట్కా అయిపోయింది. నా సందేహం మాత్రం తీరలేదు.

కంచర్ల గోపన్న గోల్కొండలో పన్నెండేళ్లు చెరలో మగ్గడానికి కారణం, పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టడమేనని మన పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. పంజరమంటే అల్పవిషయం కాదని మన వాళ్లకు తోచిందన్నమాట. చెట్టుమీద పిట్ట పొగ చూస్తే ఎగిరిపోతుంది, ఎవరి దయా అక్కర్లేదు. ఆ ఎగిరిపోయే వీలుని మనం తీసేసుకున్నాం. అలాంటప్పుడు దాని తరఫున పారిపోయే పని కూడా మనదే. గింజలు వేశాం, నీళ్లు పోశాం, ముద్దుపేరు పెట్టాం అంటే సరిపోదు. “తెలీక జరిగిపోయిందండీ” అనడం కూడా చెల్లదనుకుంటాను. తెలుసుకోవడం పెంచుకోవడంలో భాగమే.

పిట్ట ఊపిరి సున్నితమని మనుషులకు తెలిసి చాలా కాలమైంది. ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి 1911 నుంచి కెనరీ పిట్టల్ని తీసుకుపోయేవారు. ఈ ఉపాయం చెప్పినాయన జాన్ స్కాట్ హాల్డేన్. విషవాయువుంటే పిట్ట ముందు సొమ్మసిల్లేది, మనుషులు బయటికి పరుగెత్తేవారు. దాన్ని బతికించడానికి చిన్న ఆక్సిజన్ సిలిండరు బిగించిన పంజరాలు కూడా చేశారు. 1986లో యంత్రాలొచ్చి వాటికి ఆ కొలువు తప్పించాయి. ప్రాణాన్ని పరికరంగా వాడుకోవడం న్యాయమా అంటే నేను చప్పున జవాబు చెప్పలేను గాని, ఆ పిట్ట పడిపోతే దాని మాట విన్నారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

పోయిన దసరా ముందు మా పక్క ఫ్లాటు వదినగారింటికి వెళ్లాను. ఆవిడ చాలా జాగ్రత్త మనిషి. పంజరాన్ని దూరపు పడగ్గదిలో పెట్టి, తలుపు సందులో తువ్వాలు కుక్కి మరీ వచ్చింది. వంటింట్లో పనిమనిషి కాగే సోడానీళ్ల మీదకి వంగి జల్లెడలు తోముతోంది. చేతులకు తొడుగుల్లేవు, దగ్గొస్తుంటే కొంగు ముక్కుకడ్డం పెట్టుకుంటోంది.

“ఆ కిటికీ తియ్యమ్మా, కాస్త ఇవతలికి రా” అన్నాను.

“ఏం గాదమ్మా, మాకు అలవాటే” అంది.

వదినగారు చప్పున లేచి కిటికీ తీసింది. ఆవిడ మనసు మంచిది. తర్వాత కాఫీ తాగుతూ, “పిట్టంటే నోరులేనిది కదండీ. ఆమెకు నోరుంది, కష్టమైతే చెబుతుంది కదా” అంది. తీసిపారేసే మాట కాదది. పంజరానికి గడియ మనం వేశాం, ఈ మనిషికి తలుపు తీసే ఉంది. పిట్టను చంపే గాలి మనిషిని అంత తొందరగా చంపదు కూడా.

కాని నాలుగిళ్లలో పని, ఒకటో తారీకు జీతం, పిల్లల ఫీజు, ఇంటద్దె అన్నీ ఆ నోటికి అడ్డం. నోరుండడం వేరు, నోరు తెరవగలగడం వేరు. చావలేదంటే హాని లేదని కాదు. కాస్టిక్ సోడా చర్మాన్ని కాలుస్తుంది, కన్ను పోగొట్టగలదు, గొంతును ఒరుస్తుంది. అలవాటైందని ఊపిరితిత్తులు ఊరుకోవు. తప్పించుకోలేనిదాని తరఫున మనం ఆలోచించాలన్నది ధర్మమైతే, తప్పించుకుంటే జీతం పోయేవాళ్లకు ఆ ధర్మం వర్తించదా?

అంతదాకా ఎందుకు, పనిమనిషి రాని రోజున ఆ జల్లెడల ముందు కూర్చునేది మనమే. ‘అలవాటే’ అనే మాట మన నోటా వస్తుంది. గనిలో పిట్ట పడిపోతే మనుషులు బయటికి వచ్చేవారు. మన వంటింట్లో పిట్టను బయటికి పంపి మనుషులం లోపల ఉండిపోతున్నాం. ఇదేం లెక్కో మీరే చెప్పండి.

అందుకని నేనొక నియమం పెట్టుకున్నాను. పంజరం తియ్యవలసిన గాలిలో తొడుగులు, కళ్లద్దాలు, తెరిచిన కిటికీ లేకుండా ఏ మనిషినీ నిలబెట్టకూడదు, నాతో సహా. ఇంకో మాట. చిమ్నీ జల్లెడల్ని వారం వారం వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగేస్తే జిడ్డు ముదరదు, కాస్టిక్ సోడా దాకా పోనక్కర్లేదు. పిట్టకూ మంచిదే, పనిమనిషికీ మంచిదే, మనకీ మంచిదే.