వానవేళ తెరచిన గుమ్మము

పఠనీయ భాగము: అపొస్తలుల కార్యములు 28:1-10

ఓడ బ్రద్దలై, తడిసిన బట్టలతో మెలితే ద్వీపపు ఒడ్డునకు చేరినవారు 276 మంది. వారిలో శతాధిపతి యుండెను, సైనికులును నావికులును ఉండిరి, రోమాకు కొనిపోబడుచున్న ఖైదీలును ఉండిరి. ఎవరు గొప్పవారు, ఎవరు నేరస్థులు అని ద్వీపవాసులు విచారించినట్లు లూకా వ్రాయలేదు. వాన కురియుచుండెను, చలి వేయుచుండెను. వారికి ఆ కారణమే చాలెను. నెగడు వేసి అందరికిని దానియొద్ద చోటిచ్చిరి.

పల్లెటూరి కూడలిలోనో పట్టణపు సందులోనో చిన్న కిరాణా కొట్టు నడుపుకొను విశ్వాసికి ప్రతి వానకాలమందును ఇట్టి తరుణమే ఎదురగుచున్నది. ఆ దినములలో బేరము తక్కువ, శ్రమ ఎక్కువ. అయినను అతడు చేయదగిన పనులు కొన్ని కలవు. చూరునీరు వచ్చువారి నెత్తిమీద పడకుండ గుమ్మము ముందు టార్పాలిను ఏటవాలుగా కట్టవచ్చును. నున్నని సిమెంటు గచ్చుమీద ముసలివారు జారిపడకుండ గోనెపట్టా పరచి, అది నానినప్పుడు మార్చవచ్చును. తడి గొడుగులకు ఒక బకెట్టు, నిలువలేనివారికి ఒక బల్ల, మబ్బు క్రమ్మినప్పుడు పెందలకడ వెలిగించిన దీపము—వీటికి పెద్ద ఖర్చు కాదు. పంచదార పొట్లము ఇల్లు చేరువరకు తడవకుండ మరియొక కాగితము చుట్టి ఇచ్చుట ఎంతపాటి పని? ఇవి చిన్నవే గాని, “నీవు వచ్చెదవని ఎదురుచూచితిని” అని నోటితో చెప్పకయే చెప్పును.

అయితే గుమ్మము శుభ్రముగా నుండి త్రాసు శుభ్రముగా లేనియెడల ఆ ఆదరణ వట్టిదే. వానకాలమున కల్లుప్పు చెమ్మ పీల్చుకొని బరువెక్కును. చెమ్మగిల్లిన ఉప్పును తూచి అమ్మువాడు కొంత నీటిని ఉప్పు ధరకు అమ్ముచున్నాడు. కొనుటకొక తూనికరాయి, అమ్ముటకొక తూనికరాయి కలిగియుండుట దేవునికి హేయమని ధర్మశాస్త్రము బోధించుచున్నది. కావున ఉప్పును మూతగల డబ్బాలో నుంచుట, బస్తాలను నేలకు తగులకుండ చెక్కలపై నుంచుట సరకును కాపాడుటకు మాత్రమే కాదు, సాక్ష్యమును కాపాడుటకును అవసరము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తు నిలిచిపోయెను. పాలకును త్రాగునీటికిని కటకట ఏర్పడెను. అట్టి దినములలో కొవ్వొత్తి వెల రెట్టింపు చేసినను కొనువారుందురు, ఏలయనగా వారికి వేరు దారి లేదు. పొరుగువాని చీకటిని తన లాభముగా లెక్కించుకొనుటయా, నిన్నటి ధరకే నేడును ఇచ్చుటయా? వర్తకుని భక్తి తేలునది అక్కడనే.

అంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి కలదు. వాన పెద్దదైనప్పుడు ఏమియు కొననివారును కొట్టులోనికి వచ్చెదరు. కారు దిగినవానికి గొడుగు పట్టి, రిక్షావానిని చూరు క్రిందనే నిలువనిచ్చినయెడల, యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో ఖండించిన పక్షపాతము కొట్టులోనికి ప్రవేశించినట్లే. “ఏమి కావలె?” అని మాటిమాటికి గద్దించి అడుగుట మెడపట్టి గెంటుటకు మారుపేరు. మరియు వాన దినమున కూలివానికి పని లేదు, కూలి లేదు. అతడు అరకిలో బియ్యము అరువడుగుటకు సిగ్గుపడుచు వచ్చును. చిన్న వర్తకుడు అందరికిని అరువీయలేడు. ఇచ్చినయెడల తన పిల్లలే పస్తుందురు. ఈయగలిగినంత ఇచ్చి, ఈయలేనప్పుడు నలుగురి యెదుట అవమానింపక మృదువుగా చెప్పుట మాత్రము అతని చేతిలోనే యున్నది. పైకము లేనివానికిని మర్యాద ఈయవచ్చును.

మెలితేలో మరియొక సంగతి గమనింపదగినది. పౌలు డేరాలు కుట్టు వృత్తి యెరిగినవాడు, కష్టించి సంపాదించుకొనినవాడు. తానును తడిసి వణకుచున్నవాడే అయినను ఊరక కూర్చుండక, పుల్లలు ఏరి తెచ్చి ఆ నిప్పులో వేసెను. ఇతరులు వేసిన మంటయొద్ద చలి కాచుకొనినవాడు దానికి తనవంతు కట్టెలు తేవలెను. క్రీస్తునందు ఆశ్రయము పొందిన వర్తకుడు తన కొట్టులో వానకు తడిసినవానికి జానెడు చోటిచ్చుట అట్టిదే. ఆ చోటు అతనికి దయగా దొరికినది, దయగానే ఈయవలెను.

ప్రార్థన: గాలివానలో ఆశ్రయమైన దేవా, చిన్న కొట్లు నడుపుకొను నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారి త్రాసును న్యాయముగాను, గుమ్మమును విశాలముగాను, మాటను మృదువుగాను ఉంచుము. వారి పిల్లలకు అన్నము తక్కువ కానీయకుము. యేసు నామమున, ఆమేన్.

ధ్యానాంశము: కొనువానికి స్వాగతము చెప్పుట వర్తకము, తడిసినవానికి స్వాగతము చెప్పుట పరిచర్య.