అగ్గువ మజిలీ

మజిలీ యను మాట అరబ్బీ, పారసీకముల మీదుగ మన భాషలో ప్రవేశించి మనదే యైపోయినది. ప్రొద్దు క్రుంకువేళకు బాటసారి చేరి, ఎడ్లకు మేత వేసి, కాళ్లు కడుగుకొని, వండుకొని తిని, నడుము వాల్చు తావునకు మజిలీ యని పేరు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో కథలు చెప్పుకొనుటయు అట్టి తావులందే. 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు శ్రీశైలము చూచుకొని, మా పాలమూరు సీమ మీదుగ హైదరాబాదు చేరి ఉత్తరమునకు సాగిరి. 1831 సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరువరకు ఏ యూర మంచి నీరు గలదు, ఎచ్చట వంటసామగ్రి దొరకును, ఎచ్చట దిగుటకు వసతి యున్నది యను సంగతులను విసుగులేక వ్రాసిపెట్టిరి. తమవెనుక వచ్చువారి దేహములు అలయునని యెరిగి వ్రాసిన వ్రాతలవి. ఆ పల్లకిని మోసిన బోయీల దేహముల మాట వేరుగ విచారింపదగినదే.

నేడును మనము మజిలీలను ఏరుకొనుచున్నాము. ఏరుకొను కొలబద్ద మాత్రము మారినది. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగరములలో అమెరికాలో బిడ్డ లేని వీధి యరుదు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినది మొదలు పాలమూరువారికి అది బెంగుళూరు రహదారి మీదనే తగులుచున్నది. నల్లగొండవారును బాహ్యవలయ రహదారి పట్టి, నగరపు రద్దీలో చిక్కకయే పోగలరు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు హైదరాబాదు నుండి చికాగోకు ఎచ్చటను దిగని విమానమును నడుప మొదలిడిరి గాని యది నిలువలేదు. కావున మన యూళ్లనుండి డాలసుకో న్యూజెర్సీకో పోవువారు నడుమ నెచ్చటనో విమానము మారక తప్పదు. ఎచ్చట మారవలెను, ఎన్ని గంటలు వేచియుండవలెను అను ప్రశ్నకు సమాధానము సాధారణముగ ఒక్కటే: ఎచ్చట అగ్గువయో అచ్చట. చౌకను మా జిల్లాలలో అగ్గువ యందురు. ఎక్కువ వెలను పిరమందురు. అది ప్రియమను మాటకు వికృతి. ఇష్టమైనదానికిని ఖరీదైనదానికిని ఒకే మాట యుండుట యూరక జరిగినది కాదని నాకు తోచును.

విమానపు టిక్కెట్టు వెల మన అంగడి సరకు వెల వంటిది కాదు. ఒకే విమానమున ప్రక్కప్రక్కన కూర్చున్న యిద్దరు వేర్వేరు వెలలు చెల్లించియుందురు. 1978లో అమెరికా ప్రభుత్వము విమానపు ఛార్జీలపై తన కట్టడిని తొలగించిన పిమ్మట ఈ పద్ధతి బలపడి లోకమంతట వ్యాపించినది. కంపెనీవారు ఒకే విధమైన ఆసనములనే పలు తరగతులుగ విభజించి, ఒక్కొక్కదానికి ఒక వెల కట్టుదురు. అగ్గువ తరగతి యైపోగానే పై తరగతి తెరచుకొనును. విద్యార్థులు బయలుదేరు ఆగస్టునందును, పిల్లల సెలవుల కాలమునందును, డిసెంబరు చివరను వెలలు పెరుగును. ఫిబ్రవరి మార్చిలలో సాధారణముగ తగ్గును. రెండు మూడు నెలల ముందుగ కొన్నవానికి మేలు. ఒకే మార్గమును మాటిమాటికి వెదకినచో కంప్యూటరు మన ఆత్రమును కనిపెట్టి వెల పెంచునని చదువుకొన్నవారు సైతము నమ్ముచున్నారు. తరగతి యైపోయినచో వెల పెరుగును; అందులకు దయ్యముతో పనిలేదు.

దయ్యముల మాట వచ్చినది గనుక పంచాంగపు మాటయు చెప్పవలెను. మంగళవారము ఇల్లు కదలరాదను పట్టింపు ఇంకను పోలేదు. గల్ఫు మీదుగ పోవు విమానములు పెక్కు మన యూరినుండి తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు లేచును. మన లెక్కలో దినము సూర్యోదయముతో మొదలగును. టిక్కెట్టు లెక్కలో అర్ధరాత్రితో. మంగళవారము మూడున్నరకు లేచు విమానము ఇంటి పెద్దకు సోమవారపు రాత్రి, కంపెనీకి మంగళవారము. వారదోషము తప్పినదని సంతోషించి, మంగళవారము రాత్రి భోజనము చేసి శంషాబాదు చేరి, విమానము నిన్ననే పోయినదని విని తెల్లబోయినవారు కలరు. టిక్కెట్టు మీది తేదీకి ముందటి రాత్రియే ఇల్లు విడువవలెనని ఇంటిలో నందరికిని చెప్పియుంచుట మంచిది.

ఆ విమానములు అంత వేకువన లేచుటకు కారణమున్నది. దుబాయి, దోహా, అబుదాబివంటి చోట్ల విమానములు గుంపులు గుంపులుగ వచ్చి గుంపులు గుంపులుగ పోవును. మన దేశమునుండి వచ్చిన గుంపు ఉదయమున దిగినచో, అమెరికాకు పోవు గుంపు రెండు మూడు గంటలలో లేచును. ఆ పొత్తు కుదిరిన టిక్కెట్టును అందరును కోరుదురు, అందుచే పిరము. పొత్తు తప్పినది పదునాలుగు గంటల మజిలీతో అగ్గువకు వచ్చును. అనగా వెలలోని తగ్గుదల కంపెనీ ఉదారబుద్ధితో విడిచినది కాదు; ప్రయాణికుని గంటలను కొని, వాని వెలను టిక్కెట్టులో తగ్గించి చూపినదే. ఈ క్రయవిక్రయమున దోషమేమియు లేదు. గంటలు ఎవరివి, అమ్మినవారెవరు అనునదే ప్రశ్న.

దేవరకొండ ప్రాంతమున అరువదినాలుగేండ్ల తల్లి యొకతె కలదనుకొందము. మోకాళ్ల నొప్పి, చక్కెర వ్యాధి. కూతురి పురుటికి డాలసు పోవలసియున్నది. ఒక మార్గమున ఒక్క మజిలీ, రెండున్నర గంటలు. మరొక మార్గమున రెండు మజిలీలు, మొదటిది పదమూడు గంటలు. రెండవదానిలో 20,000 రూపాయలు మిగులును. అమెరికాలోని కొడుకు రాత్రి పొద్దుపోయినదాక కంప్యూటరు ముందు కూర్చుండి, వెదకి వెదకి ఈ రెండవదానిని పట్టి, సాధించితినని నిద్రపోవును. మంచి కొలువులో నున్నవానికి ఆ పైకము ఒక దినపు జీతమునకు లోపుగనే యుండును. ఆ పైకమునకై తాను పదమూడు గంటలు ఇనుప చేతుల కుర్చీలో కూర్చుండునా? కూర్చుండడు, తన ప్రయాణమునకు మొదటి మార్గమునే కొనును.

ఆ పదమూడు గంటలు ఎట్లు గడచునో ఆమె ఎవ్వరికిని చెప్పదు. పాస్‌పోర్టున్న సంచి పోవునేమో యని కన్ను మూయదు. మరుగుదొడ్డి వెదకుకొనుటకు బెదరి నీరు త్రాగదు. చిన్ననాటినుండి పెండ్లిండ్లలో, బస్సులలో, కూలికి పోయినచోట మన స్త్రీలు నేర్చుకొన్న విద్య యిది. నీరు త్రాగక, కదలక, గంటల తరబడి కూర్చున్నచో కాళ్ల నరములలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదని వైద్యులు చెప్పుచున్నారు. మాత్ర ఏ గడియారము ప్రకారము మ్రింగవలెనో తెలియదు. సంచిలోని జొన్నరొట్టె ఎండిపోవును. చల్లని గాలి, అర్థముగాని ప్రకటనలు. ఇట్లు చేరిన యామె మరునాటినుండి బాలింతకు పథ్యము వండును, పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోయును. సందర్శకుల కనుమతించు ఆరు నెలలును పనిలోనే గడపి తిరిగివచ్చును.

ఆమెను అడిగియే కొన్నామని పిల్లలందురు. అడిగిన మాట నిజమే. "నాకేం గాదు బిడ్డా, నీకెట్ల అగ్గువైతే అట్లనే జెయ్యి" అని యామె చెప్పిన మాటయు నిజమే. కాని పుట్టినది మొదలు వద్దనుట నేర్పబడని మనిషి చెప్పిన సరే యను మాటకు ఎంత విలువ? పదమూడు గంటలు అనగా దేవరకొండ బస్‌స్టాండులో తెల్లవారినది మొదలు రాత్రి పడకవేళ వరకు కూర్చున్నట్లని యామెకు చెప్పినవారెవరు? సమ్మతి యనునది తెలిసి యిచ్చినదై, కాదనుటకును వీలున్నదై యుండవలెను. మన యిండ్లలో తల్లుల సమ్మతి పెక్కుసార్లు అలవాటు మాత్రమే.

పాలమూరువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టుటకు పాలమూరు కూలీలు దశాబ్దముల తరబడి దేశమంతట తిరిగిరి. మేస్త్రీ ముందుగ బయానా యిచ్చి కుటుంబములను లారీ కెక్కించును. దారి నిర్ణయించువాడు మేస్త్రీ. ఖర్చు మిగిలినచో అతనికి, కుదుపులు కూలివారికి. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టమును చేసినప్పుడు, గుత్తదారు రానుపోను ఛార్జీ ఇచ్చుటయే గాక ప్రయాణకాలమునకును పనిలో నున్నట్లే కూలి చెల్లింపవలెనని విధించెను. ఆ విధి ఎన్ని లారీలవరకు చేరినదో మా జిల్లావారికి తెలియును. అయినను దారిలో గడచిన కాలము ఆ మనిషి ఆయువులోనిదే యను గుర్తింపు అందులో నున్నది.

కొడుకును మేస్త్రీతో పోల్చుట కటువుగ తోచవచ్చును. ప్రేమ యున్నచోట ఈ లెక్కలేల యందురు. ప్రేమ యున్నదను సాకుతో లెక్క చూడకుండుటవలననే మన స్త్రీల శ్రమ ఇంతకాలము ఏ లెక్కకును రాలేదు.

ఇట్లనుటచే పొదుపును నిందించుచున్నానని చదువరులు తలపరాదు. రెండెకరములు తాకట్టు పెట్టి అమెరికాకు చదువ బోవు ఇరువదిరెండేండ్ల బాలునకు పదునెనిమిది గంటల మజిలీ యొక వింత. ఆ పైకము అప్పు వడ్డీకి పోవును. తన గంటలను తానే యమ్ముకొనుచున్నాడు, యుక్తమే. అట్టివాడు అప్పు చేసి దగ్గరి మార్గమున పోవుటయే తప్పు. గల్ఫుకు పోవు కూలివాని సంగతి వేరు: రెండేండ్లకొకమారు దొరకు సెలవులో దారిపాలైన ప్రతి దినమును భార్యాబిడ్డలనుండి తీసినదే. అతని టిక్కెట్టును యజమానియో దళారియో కొనును. ఎచ్చట విమానము మారవలెనో ముందుగ అతనికి తెలియుటయు నరుదు.

అగ్గువలో మరియొక రహస్యమున్నది. రెండు కంపెనీల టిక్కెట్టులను వేరువేరుగ కొని జతపరచినచో వెల తగ్గును. ఒకే టిక్కెట్టు మీద మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పినచో, వేరొకదాని నెక్కించు బాధ్యత కంపెనీది. వేరు టిక్కెట్టులైనచో అది ప్రయాణికునిది. పెట్టెలను దించుకొని మరల అప్పగించుటయు, దానికై ఆ దేశపు వీసా కలదా లేదా యను చిక్కును అతనివే. కేవలము విమానము మారుటకే అనుమతిపత్రము కోరు దేశములును కలవు. 2025 జూన్ 23 సాయంకాలమున కతారు తన గగనమును మూసివేసినప్పుడు దోహా మీదుగ పోవు విమానములు దారి మళ్లినవి, వేలకొలది జనులు నిలిచిపోయిరి. ఒకే టిక్కెట్టు గలవారు అలసియైనను చేరిరి; జతపరచిన టిక్కెట్టులవారు రెండవదానిని మరల కొనవలసివచ్చును. అమెరికాలో రెండు విమానములు మారవలసినచో మొదట దిగిన యూరనే అధికారుల పరీక్ష ముగించుకొని, సాధారణముగ పెట్టెలను తీసి మరల అప్పగింపవలెను. అచ్చట గంటన్నర వ్యవధి ముసలివారికి చాలదు. అబుదాబిలో 2014 నుండి అమెరికా అధికారుల పరీక్ష అచ్చటనే జరుగు ఏర్పాటున్నందున, ఆ దారిని పోవువారు అమెరికాలో దిగినపిమ్మట వరుసలో నిలువనక్కరలేదు. తల్లిదండ్రుల మార్గము నేరునప్పుడు వెలకంటె ముందు చూడదగిన సంగతులివి.

చక్రాల కుర్చీ విషయమున మాత్రము తీర్పు చెప్పుట కష్టము. కాళ్లు చక్కగ నున్నను, ఇంగ్లీషు రాదను కారణమున తల్లిదండ్రులకు ఆ కుర్చీని కోరుట మనవారిలో వాడుకయైనది. అది ఉచితము, త్రోయువాడు ద్వారమువరకు చేర్చును. దీనిని అబద్ధమనవచ్చునా? దారి తెలియనివానికి కాళ్లుండియు నడక రాదు గనుక పూర్తిగ అబద్ధమనజాలను. కాని కుర్చీలు లెక్కకే యుండును. నిజముగ నడువలేని వృద్ధుడు వాటికై వేచియుండుట నే చూచితిని. కొన్ని కంపెనీలు కుర్చీ లేకయే తోడుండి దారి చూపు సహాయమును ఏర్పరచినవి, అడిగినవారికే తెలియును. బస్సుమీది యూరిపేరు చదివి ఎక్కగల తల్లికి విమానపు సంఖ్యను, ద్వారపు సంఖ్యను పలకమీద గుర్తించుట రెండు సాయంకాలములలో నేర్పవచ్చును. ఆమె చేతిలో తెలుగున, ఇంగ్లీషున అవసరపు మాటలు వ్రాసిన కాగిత మొకటి యుండిన చాలును. ఏండ్ల తరబడి బిడ్డల చదువులకు దీపము వెలిగించిన యామెకు ఆ రెండు సాయంకాలములు కేటాయించు ఇండ్లు ఎన్ని?

పూర్వము కాశికి పోవువారు ఒంటరిగ కదలక, తోడు కుదురువరకు ఆగెడివారు. ఆ వాడుక మరల వచ్చుచున్నది. అదే విమానమున పోవు తెలుగువారిని ముందుగ విచారించి, తమ తల్లిని వారితో కలిపి పంపుచున్నారు. సూర్యాపేట విద్యార్థి యొకడు గురువారము పోవుచున్నాడు, అదే మార్గమున బుధవారపు టిక్కెట్టు 6,000 రూపాయలు తక్కువ. గురువారముననే పంపుదురు గాక. ఆ బాలునకు ఇంగ్లీషు వచ్చును, ఆమె సంచిలో సకినాలున్నవి. దోహాలో దిగినపిమ్మట నీళ్ల కుళాయి ఎచ్చట, మరుగుదొడ్డి ఎచ్చట అని యామె అతనిని అడుగగలదు.