ప్లాను కన్నా ముందు నెట్‌వర్క్ చూడు

అమ్మలూ, కొత్త ఉద్యోగంలో ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి మామూలుగా 30 రోజులే గడువిస్తారు. జీతంలోంచి నెలకు ఎంత కోస్తారన్న ఒక్క అంకె చూసి టిక్కు పెట్టెయ్యకు. కడుపుతో ఉన్నదానివి.

హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రి కాకపోతే చాలాసార్లు క్యాష్‌లెస్ దొరకదు, అంతే. డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకుంటాం. ఆ అలవాటుతో అమెరికాలో నడిస్తే బిల్లు తడిసి మోపెడవుతుంది. ఇక్కడ హెచ్ఎంవో, ఈపీవో ప్లాన్లలో నెట్‌వర్క్ దాటితే ఎమర్జెన్సీకి తప్ప దాదాపు ఏమీ రాదు. హెచ్ఎంవోలో అయితే చాలావరకు ఫ్యామిలీ డాక్టరు రిఫరల్ రాస్తేనే స్పెషలిస్టు. గైనిక్ డాక్టరుకు మాత్రం అది అక్కర్లేదు. పీపీవోకు ప్రీమియం ఎక్కువ, బయటి డాక్టరుకైనా కొంత ఇస్తుంది. ఆ కొంతను చూసి ధైర్యపడకు. బయటివాళ్లకు డిడక్టబుల్, అంటే ప్లాను ఇవ్వడం మొదలెట్టే ముందు నువ్వు కట్టాల్సిన సొమ్ము, మామూలుగా వేరే; ప్లాను ఒప్పుకున్న రేటుకు పైన పడేది చాలాసార్లు నీ నెత్తినే. ఏడాదికి ఇంతకు మించి నువ్వు కట్టనక్కర్లేదని చట్టం పెట్టిన హద్దు కూడా నెట్‌వర్క్ లోపలి వైద్యానికే.

హై డిడక్టబుల్ ప్లాను అని ఇంకోటి కనిపిస్తుంది. అది నెట్‌వర్క్ రకం కాదు, దాని వెనక ఏ నెట్‌వర్క్ ఉందో మళ్లీ చూసుకోవాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం, ఫోన్‌లో అడిగే తీరు. "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా?" అంటే "తీసుకుంటాం" అనేస్తారు. అది చాలదు తల్లీ. ఒకే ఇన్సూరెన్స్ కంపెనీకి చాలా నెట్‌వర్కులుంటాయి. ప్లాను కాగితాల్లో ఉన్న నెట్‌వర్క్ పేరు చదివి వినిపించి, "ఇందులో మీరు ఇన్-నెట్‌వర్కేనా?" అని అడుగు. పురుడు పోసే ఆసుపత్రి, రక్తం పంపే ల్యాబు, పిల్లల డాక్టరు, ఎవరికి వాళ్లను అడగాలి. ఎవరు చెప్పారో, ఏ తేదీనో రాసిపెట్టుకో. వెబ్‌సైట్‌లో డాక్టరు పేరు ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచు. జాబితా తప్పని తేలినా, దాన్ని నమ్మి వెళ్లినదానికి ఇన్-నెట్‌వర్క్ వాటాకు మించి నీచేత కట్టించకూడదని చట్టం ఉంది.

ఆ 'నో సర్‌ప్రైజెస్' చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే చాలు, ఎపిడ్యూరల్ ఇచ్చే మత్తు డాక్టరు బయటివాడైనా అదనపు బిల్లు వెయ్యకూడదు. రోడ్డు మీద అంబులెన్స్‌కు మాత్రం ఆ చట్టం వర్తించదు.

బిడ్డ పుట్టాక ప్లానులో చేర్చడానికి కనీసం 30 రోజులుంటాయి. ఆ హడావుడిలో మర్చిపోకుండా అల్లుడికి ఇప్పుడే చెప్పి ఉంచు. ఈ శనాదివారాల్లో ఇద్దరి కంపెనీల ప్లాన్లూ పక్కపక్కన పెట్టుకుని నెట్‌వర్క్ పేర్లు రాసుకోండి. సోమవారం పొద్దున్నే, ఇప్పుడు నిన్ను చూస్తున్న డాక్టరమ్మ ఆఫీసుకే మొదటి ఫోన్ చెయ్యి.