పిలిచిన నర్సు, విన్న డాక్టరు



రెండేళ్ళ క్రితం ఇక్కడే, యాన్బులో, మా రెండో పాప పుట్టింది. కాన్పు సులువుగానే అయింది. డాక్టరుగారు ఇంకో తల్లి దగ్గరికి వెళ్ళారు. అరగంటకు, దుప్పటి సర్దుతున్న కేరళ నర్సమ్మ రక్తస్రావం ఎక్కువవుతోందని గమనించింది. కాన్పయిన 24 గంటల్లోపు 500 మిల్లీలీటర్లు, అంతకు మించి రక్తం పోతే ప్రమాద సూచనగా తీసుకుంటారు. ఆమె ఒక చేత్తో గర్భసంచిని మర్దన చేస్తూ, రెండో చేత్తో గంట నొక్కింది. డాక్టరుగారు పరుగున వచ్చారు. ఒకరు ఇంజెక్షన్ ఇచ్చారు, మత్తు డాక్టరు బీపీ చూశారు, ల్యాబులో ఒకతను రక్తం సరిచూసి పంపాడు, వార్డుబాయ్ దాన్ని తెచ్చాడు. దేవుని కృపవలన నా భార్య బ్రతికింది.

ఎందుకు పిలిచావని డాక్టరు విసుక్కొని ఉంటే? పెద్దవాళ్ళు చూసుకుంటారులే అని నర్సు ఊరుకొని ఉంటే?

మొదటి కొరింథీయులకు 12వ అధ్యాయంలో పౌలు చెప్పింది ఇదే. కన్ను చేతిని వద్దనలేదు. బలహీనమని మనం అనుకునే అవయవమే మరీ అవసరం. నిర్గమకాండము 1వ అధ్యాయం చూడండి: ఫరో పేరు అక్కడ లేదు, మంత్రసానులు షిఫ్రా, పూయాల పేర్లు ఉన్నాయి. దేవుని లెక్క వేరు!

మన తెలంగాణలోనూ 2017లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. సాధారణ కాన్పులో తల్లి పక్కన ఉండడం, ప్రమాదం కనబడగానే డాక్టరును పిలవడం ఆ పనిలో భాగం. పిలిచేవారికి ధైర్యం కావాలి, వచ్చేవారికి తగ్గింపు కావాలి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ వారమే ఆఫీసు మీటింగులో, ఏదో తప్పుందని చెప్పబోయిన కొత్త టెస్టర్ నోరు నేను మూయించాను. ఆసుపత్రి వరండాలో నాకు గుర్తొచ్చింది అతని ముఖమే. డ్యూటీలో చేరిన రోజే వెళ్ళి క్షమించమని అడిగాను. అతను చూపిన తప్పు నిజమే.

ప్రియులారా, మన సహవాసంలో మాట్లాడనివ్వని చెల్లెలు ఎవరు? చెప్పినా మనం వినని తమ్ముడు ఎవరు? ఈ వారం వారికి ఫోన్ చేయండి. ఒక అవయవం నొచ్చితే శరీరమంతా నొచ్చుకునే కృప ప్రభువు మనకిచ్చును గాక. ఆమేన్.