వీపు త్రిప్పి నిలుచువాడు

దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరముల మధ్య జరుగు కామ్రేడ్స్ పరుగుపందెము, మొదటి ప్రపంచయుద్ధములో మరణించిన సైనికుల జ్ఞాపకార్థము 1921లో ఆరంభమైనది. దూరము దాదాపు 90 కిలోమీటర్లు. తొలిసారి వచ్చినవాడును, పదిమార్లు ముగించి ఆకుపచ్చ సంఖ్యను శాశ్వతముగా సంపాదించినవాడును ఒకే దారిని పరుగెత్తుదురు. (నల్లజాతివారికిని స్త్రీలకును 1975 వరకు ఆ దారి అధికారికముగా మూయబడియుండెను.)

గడువు 12 గంటలు. అది ముగియు క్షణమున ఒక అధికారి, వచ్చుచున్నవారికి వీపు త్రిప్పి నిలిచి, తుపాకి పేల్చును. ఒక్క క్షణము ఆలస్యమైనను పతకము లేదు. ఇది న్యాయమా? న్యాయమే. గడువు అందరికిని ముందుగా తెలిసినదే. ఒకనికి సడలించినచో, కాళ్లీడ్చుకొనుచు వేళకు చేరినవానికి అన్యాయమగును. అయితే వీపు త్రిప్పుట ఏల? చూచినయెడల చేయి ఆగునేమో!

లూకా 15వ అధ్యాయములోని తండ్రి వీపు త్రిప్పలేదు. ఆ కథలో పరుగెత్తినవాడు కుమారుడు కాడు, తండ్రియే. మరి పెద్ద కుమారుని మాటేమి? అతని ఫిర్యాదును తేలికగా కొట్టివేయు ప్రసంగములు నాకు నచ్చవు. ఏండ్ల తరబడి పొలములో శ్రమపడినవాడు అతడే. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో పరుగునుగూర్చి వాడబడిన గ్రీకు పదమునకు బరువు క్రింద నిలిచియుండుట అని మూలార్థము. మన తెలుగు "ఓపిక" మరియొకటి చేర్చినది: బలమును ఓపికయే, సహనమును ఓపికయే. పెద్ద కుమారునికి మొదటిది సమృద్ధిగా ఉండెను.

కామ్రేడ్స్ దారిలో చివరి నిమిషములయందు, తమ గడువును పణముగా పెట్టి, కూలుచున్న అపరిచితుని భుజములమీద మోసికొనివచ్చువారు కనబడుదురు. వారికి రెండును కలవు. పెద్ద కుమారుడైతే ఇంటి వెలుపలనే నిలిచెను. తండ్రి బయటికి వచ్చి బతిమాలెను. చివరికి అతడు లోపలికి వెళ్లెనో లేదో లూకా వ్రాయలేదు.