ధ్యానంలో ఉండగా ఇంట్లోవాళ్లు పిలిస్తే లేవాలా?

ఈ వారం వీడియోలో ఆనాపానసతి గురించి, అంటే వచ్చే పోయే ఊపిరిని గమనించే పద్ధతి గురించి చెప్పుకున్నాం. ఎలా కూర్చోవాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నవి అందులో ఉన్నాయి. ఎప్పుడు లేవాలి అన్నది మాత్రం చెప్పలేదు. చూడ్డానికి చిన్న ప్రశ్నే. ఆలోచించేకొద్దీ మన సాధన మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడి ఉందేమో అనిపించింది. అందుకే విడిగా రాస్తున్నాను.

నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు ఒకడు పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లొచ్చాడు. శిబిరం అయ్యాక ఇంటి దగ్గర పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని చెప్తారు. వాడు పట్టుదలగా కూర్చుంటున్నాడు. వాళ్ల నాన్నగారు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. పొద్దున్నే ఆయన్ని పక్కకి తిప్పాలి, బట్టలు మార్చాలి. సరిగ్గా వీడు కూర్చునే సమయానికే అది. వాళ్లమ్మ ఒక్కతే కష్టపడి చేసుకుంటుంది, చేతకానప్పుడు పిలుస్తుంది. "లేస్తే గంట పాడవుతుంది, లేవకపోతే మనసు పాడవుతుంది. ఏం చేయమంటావ్ రా?" అని అడిగాడు.

వెంటనే లేవరా, అమ్మ కంటే ధ్యానం ఎక్కువా అనేయొచ్చు. కానీ అది తేలిక జవాబు. ఎందుకంటే ఇల్లన్నాక పిలుపులు ఆగవు. పాలవాడు వస్తాడు, కుక్కర్ కూస్తుంది, ఆఫీసు ఫోన్ మోగుతుంది. ప్రతిదానికీ లేచేవాడికి సాధన ఎప్పటికీ కుదరదు. సాధన లేకుండా సేవ చేసేవాళ్లు విసుగుతో, చిరాకుతో చేయడం కూడా మనం చూస్తూనే ఉంటాం. కాబట్టి రెండు వైపులా న్యాయం ఉంది. బుద్ధుడి బోధలో దీనికి ఏమైనా దారి ఉందా అని చూద్దాం.

ముందుగా మజ్ఝిమ నికాయంలోని కకచూపమ సుత్తంలో బుద్ధుడు చెప్పిన ఒక కథ. శ్రావస్తిలో వేదేహిక అనే గృహిణి ఉండేది. ఎంత నెమ్మదస్తురాలో, ఎంత శాంతమో అని ఊరంతా ఆమెకి పేరు. ఆమె దగ్గర కాళి అనే దాసి పనిచేసేది. పనిలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఒకరోజు కాళికి ఒక అనుమానం వచ్చింది. మా అమ్మగారికి నిజంగానే కోపం లేదా, లేక నేను పని చక్కగా చేస్తున్నాను కాబట్టి బయటికి రావడం లేదా? పరీక్షిద్దామని ఒకరోజు ఆలస్యంగా లేచింది. వేదేహిక ముఖం చిట్లించింది. మర్నాడు ఇంకా ఆలస్యంగా లేచింది. ఈసారి నోటికొచ్చినట్టు తిట్టింది. మూడో రోజు తలుపు గడియ తీసి కాళి తల మీద కొట్టింది. రక్తం కారుతున్న తలతో కాళి వెళ్లి ఇరుగుపొరుగుకి చూపించింది. అన్నాళ్ల పేరు ఒక్క పూటలో పోయింది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ కథ బాగా ఎక్కుతుంది. ఒక ప్రోగ్రాం మా లాప్‌టాప్‌లో, ఒక్కరే వాడుతున్నప్పుడు, అద్భుతంగా పనిచేస్తుంది. అసలు సంగతి లోడ్ టెస్ట్‌లో, వేలమంది ఒకేసారి వచ్చినప్పుడు తెలుస్తుంది. వేదేహిక శాంతికి కాళి చేసింది లోడ్ టెస్టే.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కోపం గురించి కాదు. వేదేహిక ప్రశాంతత తయారైంది కాళి కష్టం వల్ల అన్న సంగతి. కాళి తెల్లవారకముందే లేచినన్నాళ్లూ ఈమె శాంతమూర్తి. అంటే ఆ శాంతి ఆమె గుణం కాదు, ఆమెకున్న సౌకర్యం. మనం తలుపు వేసుకుని కూర్చున్న ఆ గంట నిశ్శబ్దం కూడా ఎవరో ఒకరు చేసి పెడుతున్నదే. ఎవరో పిల్లల్ని ఊరుకోబెడుతున్నారు, ఎవరో స్టవ్ దగ్గర నిలబడ్డారు. ఎక్కువ ఇళ్లలో ఆ 'ఎవరో' ఒక అమ్మో, భార్యో, పనమ్మాయో అయి ఉంటుంది. ఆ శాంతిని నా సాధన ఫలం అనుకోవడం సరైన లెక్కేనా?

ఈ రోజుల్లో ధ్యానాన్ని ఏకాగ్రత పెంచుకునే పనిముట్టుగా చెప్తున్నారు. ఫోకస్ పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, పని బాగా జరుగుతుంది అని. ఇందులో తప్పు లేదు. కానీ ఒట్టి ఏకాగ్రతకి మంచీ చెడూ ఉండదు. గోడకి కన్నం వేసే దొంగకి కూడా ఏకాగ్రత ఉంటుంది. అందుకే అష్టాంగ మార్గంలో స్మృతి, సమాధి అని ఊరికే అనరు, సమ్యక్ స్మృతి, సమ్యక్ సమాధి అంటారు. మిథ్యా సమాధి అనే మాట కూడా బౌద్ధ గ్రంథాల్లో ఉంది. విపశ్యన శిబిరంలోనూ ఊపిరి సంగతి తర్వాత, ముందు పంచశీలాలు తీసుకోవాలి. బుద్ధఘోషుడి విశుద్ధిమగ్గం కూడా శీలం, సమాధి, ప్రజ్ఞ అనే వరుసలోనే నడుస్తుంది. ఇంట్లో ఒకరి భారం పెంచి తెచ్చుకున్న సమాధిని ఈ వరుసలో ఎక్కడ పెడతాం?

ఇప్పుడు రెండో సంగతి, వినయ పిటకంలోనిది. ఒకసారి బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల గదులు చూస్తూ వెళ్తున్నాడు. ఒక గదిలో విరేచనాల జబ్బుతో ఒక భిక్షువు తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. నిన్ను చూసేవాళ్లు లేరా అని అడిగితే లేరన్నాడు. ఎందుకంటే అతను మిగతా భిక్షువులకి ఏ పనీ చేసిపెట్టడు కాబట్టి అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుడి చేత నీళ్లు తెప్పించాడు. తను నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తను తలవైపు, ఆనందుడు కాళ్లవైపు పట్టుకుని ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత భిక్షువులందరినీ పిలిచి, మీకిక్కడ తల్లీ లేదు తండ్రీ లేడు, మీలో మీరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. తనకి సేవ చేయాలనుకునేవాళ్లు రోగికి చేయాలని చెప్పాడు.

అక్కడ ఉన్నవాళ్లంతా ఇల్లూ వాకిలీ వదిలేసి సాధన కోసమే వచ్చినవాళ్లు. ధ్యానం చేసుకోవాలి, తీరిక లేదు అనడానికి మనకంటే వాళ్లకే హక్కు ఎక్కువ. అయినా బుద్ధుడు ఆ మినహాయింపు ఇవ్వలేదు. మంచి పరిచారకుడికి ఉండాల్సిన లక్షణాలు కూడా అక్కడే చెప్పాడు. మందు కలపడం చేతకావాలి, రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, ఏదో దొరుకుతుందని కాకుండా మైత్రితో చేయాలి, మలమూత్రాలు ఎత్తడానికి అసహ్యపడకూడదు, మంచి మాటలతో ధైర్యం చెప్పగలగాలి. ఒకసారి ఆలోచించండి, ఇవన్నీ సాధకుడి లక్షణాలే కదా!

అయితే ఇక్కడితో ఆగితే మళ్లీ తప్పు దారిలో పడతాం. "నా పనే నా ధ్యానం, నాకు వేరే కూర్చోవడం ఎందుకు?" అనేది చాలామందికి నచ్చే మాట. సతిపట్ఠాన సుత్తంలో నడవడం, తినడం, బట్ట కట్టుకోవడం, చివరికి మలమూత్ర విసర్జన కూడా ఎరుకతో చేయాలని ఉన్న మాట నిజమే. తండ్రిని పక్కకి తిప్పేటప్పుడు మన చేతుల్లో బరువు, ఆయన ఒంట్లో నొప్పి, మన మనసులో విసుగు, అన్నీ తెలుస్తూ ఉంటే అది సాధనలో భాగమే. కానీ అదే సుత్తం చెట్టు కిందో, ఏకాంతంలోనో కాళ్లు మడిచి కూర్చోవడం గురించి కూడా చెప్తుంది. కూర్చుని అలవాటు చేసుకోని ఎరుక, పని ఒత్తిడిలో దానంతటది వస్తుందనుకోవడం ఆశే. కూర్చుంటే కనపడే విసుగునీ బాధనీ తప్పించుకోడానికి సేవలోకి పారిపోయే మనసు కూడా ఉంటుంది.

సంయుత్త నికాయంలోని సేదక సుత్తంలో దీనికి చక్కటి ఉపమానం ఉంది. వెదురు గడ మీద ఆట ఆడే గురువు, అతని భుజాల మీద నిలబడే శిష్యురాలు. "నువ్వు నన్ను కాపాడు, నేను నిన్ను కాపాడతాను" అని గురువు. "అలా కాదు గురువుగారూ, ఎవరి తూకం వాళ్లు చూసుకుంటేనే ఇద్దరం క్షేమంగా దిగుతాం" అని ఆ పిల్ల. బుద్ధుడు శిష్యురాలి మాటే సరైన పద్ధతి అన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. తనను కాపాడుకునేవాడు సాధన వల్ల ఇతరులను కాపాడతాడు, ఇతరులను కాపాడేవాడు ఓర్పు, అహింస, మైత్రి, కరుణ వల్ల తనను కాపాడుకుంటాడు అని రెండూ కలిపి చెప్పాడు. గడ ఒక్కటే. ఒకరు ఒరిగితే ఇద్దరూ పడతారు.

కాబట్టి నాకు తోచింది ఇది. లేవాలి. పిలిచింది విసుగూ కాదు, ఫోనూ కాదు, ఒంటరిగా బరువు మోస్తున్న మనిషి అయినప్పుడు తప్పకుండా లేవాలి. లేచినందుకు గంట పాడవదు, ఆ గంట ఇంకో చోట కొనసాగుతుంది. అయితే పిలిస్తే లేవడం కంటే మంచి పని ఇంకొకటి ఉంది, అసలు పిలవాల్సిన అవసరం లేకుండా చూడటం. ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని, ముందు చేయాల్సిన పని చేసి, ఆ తర్వాత కూర్చోవడం. అరగంట ముందు లేవాల్సి వస్తే ఆ నిద్ర మనమే వదులుకోవడం, ఇంకొకరి చేత వదిలించకుండా. ఇంకో మాట, మన కోసం నిశ్శబ్దం కాపాడినవాళ్లకి కూడా రోజులో ఒక నిశ్శబ్దమైన గంట మనం కాపాడి పెట్టాలి.

దీన్ని రోజూ సరిచూసుకోడానికి బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన పద్ధతి చాలు. అద్దం ఎందుకని అడిగి, ముఖం చూసుకోడానికి అంటే, పనులను కూడా అలాగే చూసుకోమన్నాడు. చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, ఇది నాకు గానీ ఇతరులకు గానీ బాధ కలిగిస్తుందా అని మూడుసార్లు. ఈ వారం మీరు ధ్యానానికి కూర్చునే ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నేను కూర్చోవడానికి ఇంట్లో ఎవరు నిలబడి ఉన్నారు? పేరు తెలిస్తే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి రండి. ఆ తర్వాత కళ్లు మూసుకోండి.